తెర కొలతయు చూపు కొలతయు

పటమునకు చట్రము కట్టించుటకై అంగడికి పోయినవా రందఱును ఎఱిగిన సంగతి యొకటి కలదు. అంగడివాడు మొదట అడుగునది పటములో నెవరున్నారని కాదు. కొలత యెంత యని. ఆ కొలతనుబట్టి యొకప్పుడు అంచున నిలిచిన మేనత్త భుజము పోవును. మఱియొకప్పుడు వెనుకనున్న పనిమనిషి సాంతముగా పోవును. అట్లు పోయినవారిని గుఱించి తరువాతి తరమువా రడుగరు. వా రక్కడ నుండిరని వీరికి తెలియనే తెలియదు.

చలనచిత్రమునకును ఇట్టి కొలత యొకటి కలదు. తెరమీది బొమ్మ యొక్క వెడల్పునకును ఎత్తునకును గల సంబంధమును చిత్రములు తీయువారు ఆస్పెక్ట్ రేషియో యందురు. మనము దానిని తెర నిష్పత్తి యనుకొందము. ఎత్తును ఒకటిగా నెంచినచో వెడల్పెంత యని చెప్పుటయే దాని లెక్క. 1.37 అనిన చదరమునకు దగ్గఱగా నుండు చట్రము. 1.85 అనిన కొంచెము సాగిన చట్రము. 2.39 అనిన ఎత్తునకు రెండింతలకు మించి సాగిన పొడుగు పట్టీ. పెద్ద పెట్టుబడిదారుల యండ లేక, స్వల్పధనముతో, తన తలంపు ననుసరించి కథాచిత్రమును తీయబూనిన స్వతంత్ర నిర్మాత తొలుత తేల్చుకొనవలసిన ప్రశ్నలలో నిది యొకటి.

ఇది కెమేరా పనివారి గొడవ, గృహస్థులమగు మనకేల యని చదువరులు కొంద ఱనవచ్చును. మా యభిప్రాయ మట్లు కాదు. చట్రమునకు లోపల నెవరుందురు, వెలుపల నెవరుందురు, ఎవరి కన్నుతో మనము చూతుము అనునవి కళకు సంబంధించిన ప్రశ్నలు మాత్రమే కావు. ధర్మమునకు సంబంధించినవి కూడను. పెద్ద చిత్రములకు ఈ కొలతను తఱచుగా వ్యాపారమే నిర్ణయించును. స్వతంత్ర నిర్మాతకు మాత్రము దానిని తానే నిర్ణయించుకొను హక్కు కలదు. ఆ హక్కును బాగుగా వినియోగించిన యొక చిత్రమును, అమెరికా దర్శకురాలు కెల్లీ రైకార్ట్ 2010లో తీసిన 'మీక్స్ కటాఫ్'ను, ముందుంచుకొని ఈ విషయమును విచారింప దలచితిమి.

ముందుగా ఈ కొలతలు పుట్టిన తీరును కొంచెము చెప్పవలెను. 1890 తరువాతి సంవత్సరములలో ఎడిసన్ కర్మశాలయందు డిక్సన్ అను నతడు 35 మిల్లిమీటర్ల వెడల్పుగల ఫిల్ముమీద ఒక్కొక్క బొమ్మకు అంచున నాలుగేసి రంధ్రముల చొప్పున ఏర్పఱచెను. దానివలన బొమ్మ వెడల్పు నాలుగు పాళ్లును, ఎత్తు మూడు పాళ్లును అయ్యెను. మాటలు వచ్చిన పిమ్మట ధ్వనిరేఖకు ఫిల్ముమీద చోటీయవలసి వచ్చి బొమ్మ మఱింత యిఱుకయ్యెను. 1932లో అమెరికా చలనచిత్ర అకాడమీవారు దానిని సరిదిద్ది 1.37 అను కొలతను స్థిరపఱచిరి. అంతకు రెండేండ్లు ముందే, 1930లో, రష్యా దర్శకుడు ఐజెన్‌స్టైన్ హాలివుడ్‌లో ప్రసంగించుచు, అడ్డముగా సాగిన చట్రమునే ఆదర్శముగా పెట్టుకొనుట తగదనియు, నిలువుగా నుండు వస్తువులకును న్యాయము జరుగవలెననియు, అందులకు చదరపు తెరయే మేలనియు వాదించెను. ఆ మాట నప్పు డెవరును చెవిని బెట్టలేదు.

1950 తరువాత అమెరికాలో టెలివిజను పెట్టె ఇంటింట చేరుటతో సినిమాశాలలకు జనము తగ్గిపోయిరి. ఇంటి పెట్టెయు చదరమునకు దగ్గఱగానే యుండెను గనుక, ఇంట దొరకని దేదో చూపనిదే జనము రారని స్టూడియోలవారు నిశ్చయించుకొనిరి. 1953లో 'ది రోబ్' అను చిత్రము సినిమాస్కోపు పద్ధతిలో వెలువడెను. ఫ్రాన్సు దేశీయుడైన ఆన్రీ క్రెతియెన్ కల్పించిన కటకము దృశ్యమును ప్రక్కలనుండి నొక్కి ఫిల్ముమీద ఇముడ్చును. ప్రదర్శనశాలలోని మఱియొక కటకము దానిని తిరిగి విప్పి వెడల్పుగా పఱచును. ఆ పోటీలోనే అమెరికాలో 1.85, ఐరోపాలో 1.66 అను నడిమి కొలతలును వాడుకకు వచ్చెను. కావున వెడల్పు తెర పుట్టుకకు కారణము కళావసర మనుటకంటె అంగడి పోటీ యనుటయే సత్యమునకు దగ్గఱ. పుట్టుక యెట్టిదైనను దానిని గొప్ప కళాకారులు సద్వినియోగము చేసిరి, అది వేఱుమాట. కాని వెడల్పే గొప్పతన మను భావము మన తలలలో నెట్లు నాటుకొన్నదో తెలియుటకు ఈ చరిత్ర యుపయోగించును.

మన దేశములోను ఇట్లే జరిగినది. గూడవల్లి రామబ్రహ్మము 'మాలపిల్ల'ను 1938లోను, బి. ఎన్. రెడ్డి 'సుమంగళి'ని 1940లోను తీసిన కాలమున చిత్రము లన్నియు చదరమునకు దగ్గఱైన చట్రములోనే యుండెడివి. సంఘసంస్కరణమును వెండితెరమీదికి తెచ్చిన ఆ పెద్దలు ఆ చట్రమును ఎన్నుకొనలేదు; అది వారికి ప్రాప్తించినది. స్వల్పధనముతో ప్రారంభమై, సొమ్ము చాలక నడుమ నిలిచిపోయి, తుదకు పశ్చిమ వంగ ప్రభుత్వపు సాయముతో 1955లో పూర్తియైన సత్యజిత్ రాయ్ 'పథేర్ పాంచాలి'కిని అదియే చట్రము. 1959లో గురుదత్తు 'కాగజ్ కే ఫూల్'ను సినిమాస్కోపులో తీసెను. ఆ పద్ధతిలో తీయబడిన తొలి భారతీయ చిత్ర మదియే. ఛాయాగ్రాహకుడు వి. కె. మూర్తి ఆ విశాలమైన చట్రమును జనముతో నింపుటకు మాఱుగా, ఖాళీ స్టూడియోలో ఒంటరియైన మనిషిని చూపుటకు వినియోగించెను. చిత్రము ధనము తేలేదు. గురుదత్తు మఱల దర్శకుడుగా తన పేరు వేసికొనలేదు. తెలుగున తొలి సినిమాస్కోపు చిత్రము 1974లో వచ్చిన 'అల్లూరి సీతారామరాజు'. మన్యపు కొండలకును, గుంపులు గుంపులుగా కదలు జనమునకును ఆ వెడల్పు తగియుండెను. అది ఘనవిజయము పొందుటతో, వెడల్పు ఘనతకు గుర్తయ్యెను. నేడు చిన్న యింటిలో జరుగు చిన్న కథను తీయు యువకుడు కూడ, ఏల యని ప్రశ్నించుకొనకయే 2.39 అని వ్రాసికొనుచున్నాడు. అలవాటునకు కళ యని పేరు పెట్టుటను మేము ఆక్షేపించుచున్నాము.

ఇక 'మీక్స్ కటాఫ్' సంగతి. 1845లో అమెరికా తూర్పు ప్రాంతమునుండి పడమటి ఆరెగన్ దేశమునకు బండ్లమీద వలసపోవు బిడారునకు స్టీఫెన్ మీక్ అనునతడు దగ్గఱి దారి చూపెదనని చెప్పి, వారిని నీరు లేని మెట్టభూములలో చిక్కుపఱచిన యుదంతము చరిత్రలో కలదు. దానిని జొనాథన్ రేమండ్ మూడు కుటుంబముల కథగా కుదించి వ్రాసెను. దారి తప్పినది, నీరు తఱుగుచున్నది. తనకన్ని దారులు తెలియునని ప్రగల్భములు పలుకు మీక్‌ను నమ్మవలెనో, దారిలో పట్టుకొన్న స్థానికుడైన యొక కేయూస్ జాతి పురుషుని నమ్మవలెనో తేలకున్నది. కథలో జరుగున దింతే. ఎమిలీ టెథెరో అను గృహిణి దీనికి కేంద్రము. మిషెల్ విలియమ్స్ ఆ పాత్రను ధరించినది.

ఎడారి, ఎద్దుల బండ్లు, గుఱ్ఱములు, దిగంతము. ఇట్టి కథకు వెడల్పు తెర కావలెనని పదిమందిలో తొమ్మిదిమంది చెప్పుదురు. రైకార్ట్ దానిని కాదని, ఛాయాగ్రాహకుడు క్రిస్టఫర్ బ్లావెల్ట్‌తో కలిసి 1.37 చట్రమును ఎన్నుకొన్నది. అందులకు కారణమును ఆమెయే చెప్పియున్నది. ఆ కాలపు స్త్రీలు ఎండకు ధరించు బోనెట్టు అను టోపీకి ముఖమునకు ఇరుప్రక్కల గట్టి అంచులుండును. ఎద్దునకు కట్టిన గంతలవలె అవి ప్రక్కచూపును మూసివేయును. ఆ స్త్రీకి ఎదుటనున్న దెంతయో అంతయే లోకము. ప్రేక్షకుడును అంతయే చూడవలెనని దర్శకురాలి సంకల్పము. రెండవ కారణము కాలమునకు సంబంధించినది. వెడల్పు తెరలో బండ్లు ఎడమనుండి కుడికి పోవుచుండగా, అవి రేపు చేరబోవు నేలయు, నిన్న దాటివచ్చిన నేలయు ఒక్కసారే కనబడును. చదరపు చట్రములో ఈ క్షణపు అడుగు దప్ప మఱేమియు కనబడదు. దారి తప్పినవానికి రేపు కనబడకుండుటయే గదా నిజమైన భయము!

ఈ సంకల్పము మాటలలో నిలిచిపోక దృశ్యములలో ఫలించినదా యని చూడవలెను. ఫలించినదనియే మా తీర్పు. చిత్రారంభమున వలసవారు ఏరు దాటుదురు. స్త్రీలు నీటిలో తడియుచు సామానులు మోసికొని నడతురు. ఆ దృశ్యమున మాటలు లేవు, తొందర లేదు. ఏటి వెడల్పు మనకు చూపబడదు. నీటి లోతు తెలియును. నిలువునకు ఎక్కువ చోటుగల చట్రములో మనిషి తల మొదలు నీటిలో మునిగిన నడుమువఱకు కనబడుటచేత మోతబరువు మనకు తెలియుచున్నది.

మఱియొక దృశ్యమున పురుషులు మువ్వురు దూరముగా నిలిచి మీక్‌ను ఉరిదీయవలెనా వలదా యని మంతన మాడుచుందురు. కెమేరా స్త్రీల దగ్గఱనే యుండును. పురుషుల మాటలు గాలిలో కలిసి, ముక్కలు ముక్కలుగా చెవిని బడును. ఆ దృశ్యమును చూచుచుండగా మాకు మన పాతయిండ్లు జ్ఞప్తికి వచ్చినవి. చావడిలో పురుషులు సంబంధము మాటలాడుకొనుచుండగా, ఆ పెండ్లి యెవరిదో ఆ పిల్ల తలుపు చాటున నిలిచి, సగము మాటలు విని, మిగిలిన సగమును ఊహించుకొనెడిది. తన బ్రతుకును గుఱించిన తీర్పు తనకు దూరముగా, అస్పష్టముగా వినబడుట యన నేమియో మన అమ్మమ్మలకు బాగుగా తెలియును. ఆ చిత్రములోని స్త్రీలు ఘోషాలో లేరు. ఆరుబయట, అంతులేని మైదానములో నున్నారు. అయినను వారి లోకము తలుపుసందంత యున్నది. ఆరుబయలులో కూడ బంధనము ఉండునని వ్యాసములెన్ని వ్రాసినను పట్టుబడని సత్యమును ఒక చట్రపు కొలత పట్టి చూపినది.

మూడవ దృశ్యము తుపాకి నింపుట. కట్టెలేరుకొనుచున్న ఎమిలీ ఎదుట హఠాత్తుగా కేయూస్ పురుషుడు కనబడును. ఆమె బండి దగ్గఱకు పరుగెత్తి, తుపాకి తీసి, మందు పోసి, గుండు దట్టించి, కాల్చి, మఱల నంతయు మొదటినుండి చేసి రెండవమాఱు కాల్చును. ఆ పని కెంత కాలము పట్టునో అంత కాలమును మనము చూతుము. ఈలోపల ఆ పురుషు డేమి చేయుచున్నాడో మనకు తెలియదు. ఏలయన ఆమెకు తెలియదు. వెడల్పు తెరలో నిదే దృశ్యమును తీసినచో అంచున నెక్కడనో అతడును కనబడియుండును. అప్పుడు అది వీరరసపు ఘట్టమగును. ఇక్కడ అది భయపడిన మనిషి చేతులపని.

ఈ చిత్రముపై ఆక్షేపణలు లేకపోలేదు. మొదటిది, ప్రకృతి వైశాల్యమునకు అన్యాయము జరిగినదనునది. దీనికి చరిత్రయే సమాధానము. జాన్ ఫోర్డ్ 1939లో 'స్టేజ్‌కోచ్'ను మాన్యుమెంట్ లోయలో తీసినప్పుడు వాడిన చట్రము చదరమునకు దగ్గఱైనదే. 1953కు పూర్వము వచ్చిన పడమటి కథలలో చాలవఱకు అట్టివే. ఎడారికి వెడల్పు తెర తప్పదను నియమము ఎడారిలో పుట్టలేదు, సినిమాశాలలో పుట్టినది. పైగా చదరములో ఆకాశమునకు చోటు హెచ్చు. మేఘము లేని ఆకాశము తలమీద బరువుగా నిలిచియుండుట నీరులేని బాటసారికి దిగంతముకంటె క్రూరమైన దృశ్యము.

రెండవ ఆక్షేపణ, చిత్రము విసుగు పుట్టించుననునది. ఇందు కొంత నిజము కలదు. కథ తేలకయే ముగియుటచే, సమాధానము కోరి వచ్చినవారు నిరాశపడుదురు. దారి తప్పినవారి సందిగ్ధమును చూపు చిత్రము ప్రేక్షకునికి మాత్రము దారి చూపి పంపుట న్యాయమా యని మేము తిరిగి యడుగుదుము.

మూడవ ఆక్షేపణ మా స్వంతము, ఇది గట్టిది. ఎమిలీ చూపునకు కట్టుబడిన ఈ చట్రము, కేయూస్ పురుషుని చూపు నేమి చేసినది? అతని మాటలకు అనువాద మీయబడలేదు. ఎమిలీకి తెలియనిది మనకును తెలియరాదను నియమమునకు ఇది సరిపోవును. ఎమిలీ అతని చినిగిన పాదరక్షను కుట్టియిచ్చి, అతడు తనకు ఋణపడియుండవలెనని చెప్పును. ఆమె దయలోనే లెక్క యున్నదని దర్శకురాలు దాచలేదు. అయినను, ఒక అణగద్రొక్కబడిన వ్యక్తి కన్నులతో చూచుటకై ఎన్నుకొన్న చట్రము, అంతకంటె ఎక్కువ అణగద్రొక్కబడిన మఱియొకనిని మౌనములో నుంచినది. ఆ నేల అతనిది; దారి అతనికి తెలియును; చిత్రములో అతనికి మాత్రము చూపు లేదు. సంస్కర్తలమని చెప్పుకొను మనకు ఈ లోపము పరాయిది కాదు. గడపలోపలి స్త్రీ విముక్తికై వ్రాసినవారు పెరటిలో అంట్లు తోము స్త్రీని మఱచిన సందర్భములు మన సాహిత్యమున లేకపోలేదు. చట్రమును న్యాయబుద్ధితో ఎన్నుకొన్నను అంచు అంచే. అది ఎవరినో ఒకరిని వెలుపల నుంచును. ఆ వెలుపలివాడెవ్వడో ఎఱిగియుండుట దర్శకుని కనీస ధర్మము. రైకార్ట్‌కు ఆ యెఱుక కలదని చివరి దృశ్యమువలన తోచును. చెట్టుకొమ్మల నడుమనుండి ఎమిలీ చూచుచుండగా ఆ పురుషుడు దూరముగా నడచిపోవును. చట్రము అతనిని పట్టి యుంచలేకపోయినదని చిత్రమే ఒప్పుకొనుచున్నది.

ఇంతవఱకు చదివినవారు, ఇఱుకు చట్రమే పీడితులకు తగినదని మేము చెప్పుచున్నామని తలపవచ్చును. అది పొరపాటు. 2015లో షాన్ బేకర్ అను దర్శకుడు 'టాంజరీన్' అను చిత్రమును సుమారు లక్ష డాలర్ల పెట్టుబడితో ఐఫోను మీద తీసెను. ఆ చిన్న ఫోనునకు అనామార్ఫిక్ కటకము నొకదానిని తగిలించి, సినిమాస్కోపువలె వెడల్పైన బొమ్మను సంపాదించెను. కథ లాస్ ఏంజెలెస్ వీథులలో క్రిస్మసు ముందునాడు తిరుగు ఇద్దఱు ట్రాన్స్‌జెండర్ స్నేహితురాండ్రది. సంఘము వీరిని అంచునకు నెట్టినది. రాజులకును, సైన్యములకును, రోము నగరపు వైభవమునకును వాడబడిన పొడుగు చట్రమును దర్శకుడు వీరికిచ్చెను. వీథి యంతయు వీరిదే యన్నట్లు వారందు నడతురు. ఇక్కడ వెడల్పు ఆడంబరము కాదు, మర్యాద. ఎమిలీకి లేని ప్రక్కచూపును రైకార్ట్ కల్పించి యియ్యలేదు. ఈ స్నేహితురాండ్రకు లేని ఘనతను బేకర్ కల్పించి యిచ్చెను. రెండును న్యాయమే. కావున వెడల్పు మంచిదా, చదరము మంచిదా యను ప్రశ్నయే తప్పు. ఎవరి కథ, ఎవరి చూపు, ఆ చూపునకు అడ్డమేమి యని యడిగినచో కొలత దానంతటదే తేలును.

ఈ మధ్య వేఱొక వ్యాధి కూడ బయలుదేఱినది. జేవియర్ డోలన్ 2014లో 'మమ్మీ'ని సరిచదరములో తీసెను. రాబర్ట్ ఎగ్గర్స్ 2019లో 'ది లైట్‌హౌస్'ను 1.19 కొలతలో, తొలి మాటల చిత్రములవలె తీసెను. ఈ రెండింటికిని కథలోనే కారణము కలదు. మొదటిదానిలో నొకచోట కుఱ్ఱవాడు తన చేతులతోనే చట్రమును ప్రక్కలకు నెట్టి వెడల్పు చేయును. బ్రతుకు కొంచెము తెఱపి యిచ్చిన క్షణ మది. తరువాత చట్రము మఱల మూసికొనును. రెండవదానిలో దీపస్తంభము నిలువైనది, అందలి మనుష్యు లిద్దఱును ఇఱుకున చిక్కినవారు. కాని వీరిని చూచి, ఉత్సవములలో గంభీరముగా కనబడుటకై కారణము లేకయే చదరమును తొడిగికొనువారు తయారైరి. వెడల్పును వేలంవెఱ్ఱిగా అనుసరించుటకును, ఇఱుకును వేలంవెఱ్ఱిగా అనుసరించుటకును భేద మేమియు లేదు. ఖద్దరు కట్టినంతమాత్రమున దేశభక్తి రాదని మనము వెనుకనే నేర్చుకొంటిమి.

స్వతంత్ర నిర్మాతకు ధనము ముఖ్యము గనుక, ఆ లెక్కయు కొంత చెప్పుదుము. అనామార్ఫిక్ కటకముల అద్దె సాధారణ కటకముల అద్దెకంటె హెచ్చు. అది భరింపలేనివారు సాధారణ కటకముతో తీసి, పైనను క్రిందను కోసివేసి వెడల్పు రూపము తెప్పింతురు. నేటి కెమేరాల బొమ్మ తఱచుగా 16 పాళ్లకు 9 పాళ్లు, అనగా 1.78. దానిని 2.39గా కోసినచో ఎత్తులో నూటికి 74 పాళ్లు మాత్రమే మిగులును. 1.37గా కోసినచో వెడల్పులో నూటికి 77 పాళ్లు మిగులును. రెండింటను నాలుగవ వంతు నష్టమే.

ఇంటి టెలివిజనులోను ఇదియే లెక్క. ఆ పెట్టె 1.78 కొలతలో నుండుటచే, వెడల్పు చిత్రమునకు పైన, క్రింద నల్లపట్టీలు వచ్చును. చదరపు చిత్రమునకు ఇరుప్రక్కల వచ్చును. బొమ్మ ఆక్రమించు చోటు రెండింటికిని దాదాపు సమానమే. ఒకింత హెచ్చు చదరమునకే. కావున ఇంట చూచు ప్రేక్షకునికి, వెడల్పు చిత్రము పెద్దదను మాట భ్రమ. సినిమాశాలలోనైనను తెర ఎత్తు మాఱక వెడల్పు పెరుగు ఏర్పాటున్న చోటనే వెడల్పు చిత్రము పెద్దదిగా కనబడును. వెడల్పు మాఱని తెరమీద, పైనను క్రిందను మూయుటచేత అది చిన్నదే యగును.

తీయుచోటును గూడ చూచుకొనవలెను. చిన్నగదిలో వెడల్పు చట్రము పెట్టినచో ఇరుప్రక్కల గోడలు, తలుపులు, అలమరలు అన్నియు కనబడును. వాని నన్నింటిని కథాకాలమునకు తగినట్లు సర్దవలెను. చదరపు చట్రములో ఇంటికప్పు కనబడును. దీపములను, ధ్వనిగ్రాహక యంత్రమును దాచుట కష్టమగును. ఇద్దఱు ఎడమెడముగా కూర్చుండి మాటలాడుకొనుటకును, ఉమ్మడికుటుంబము పంక్తిలో భోజనమునకు కూర్చుండుటకును వెడల్పు సౌకర్యము. ఒక్క ముఖమును, బావిలోనికి వంగిన మనిషిని, మేడమెట్లను, గుమ్మములో నిలిచిన స్త్రీని చూపుటకు చదరము సౌకర్యము. చిత్రము తీయుటకు మునుపే కథలోని ముఖ్యమైన నాలుగైదు ఘట్టములను ఆ స్థలములలోనే రెండుమూడు కొలతలలో తీసి, ప్రక్కప్రక్కన పెట్టి చూచుకొనుట మంచిది. నిశ్చయించిన పిమ్మట కెమేరా తెరమీద గీతలు గీసికొని, ఆ గీతలను గౌరవింపవలెను. తీసిన తరువాత చూచుకొందమను వాయిదా, నిశ్చయము లేని మనస్సునకు గుర్తు. చిత్రము పంపునప్పుడు దాని కొలతను ప్రదర్శకునికి స్పష్టముగా వ్రాసి తెలుపనిచో, చదరపు చిత్రమును వెడల్పు తెరకు సాగదీసి తలలు నఱకుటయు జరుగును.

ఇవి యన్నియు పనివాని మెలకువలు. ఇవి తెలియని ధర్మబుద్ధి తెరమీద కనబడదు. ధర్మబుద్ధి లేనిచో ఈ మెలకువలన్నియు కలిసి అందమైన ఖాళీ చట్రమును మాత్రమే ఇచ్చును.

మన తెలుగున స్వతంత్ర చిత్రములు తీయు యువతీయువకులు నేడు పెరుగుచున్నారు. వీరు రామబ్రహ్మమునకును బి. ఎన్. రెడ్డికిని లేని స్వేచ్ఛను అనుభవించుచున్నారు. చేతిలోని ఫోనులో సయితము ఏ కొలతనైనను పెట్టుకొనవచ్చును. ఇంత స్వేచ్ఛ యుండియు, పెద్ద చిత్రములవారు వాడుచున్నారు గనుక వెడల్పనియో, ఉత్సవములవారు మెచ్చుచున్నారు గనుక చదరమనియో నిర్ణయించుట, వరుని గుణము విచారింపక కట్నపు పట్టికను మాత్రము విచారించి పెండ్లి చేయుట వంటిది. ఆ నిర్ణయపు ఫలమును అనుభవించునది నిర్ణయించినవారు కారు, చట్రములోనికి నెట్టబడినవారు.

ప్రేక్షకులమగు మనకును కొంత పని కలదు. చిత్రము చూచి వచ్చి, కథ బాగున్నది, నటన బాగున్నది యని ఊరకుండక, ఎవరి ప్రక్కన నిలిచి ఈ కథను చూచితిమి, మనకు కనబడకుండ అంచునకు వెలుపల నిలిచినదెవరు అని ఇంటిల్లిపాదియు ఒకింత ముచ్చటించుకొనుడు. పిల్లలను కూడ అడుగుడు. వారు పెద్దలకంటె చక్కగా చెప్పుదురు. తెర అంచును గుర్తింప నేర్చిన కన్ను ఇంటి యంచును గుర్తింపకపోదు. వంటయింటి గుమ్మమునకు ఆవల నిలిచి మన మాటలు సగము వినుచున్న దెవరో, మన చావడి కొలత నిర్ణయించినప్పుడు వా రక్కడ నుండిరో లేదో, చిత్రము ముగిసిన పిమ్మట నైనను మనము తిరిగి చూడవలసియున్నది.